యూనిట్ 9: ఆకారాల కదలికలో భౌతిక నియమాలు – మోషన్ గ్రాఫిక్స్‌లో సిమ్యులేషన్ చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• కీఫ్రేమ్ పద్ధతికీ, భౌతిక సిమ్యులేషన్ పద్ధతికీ గల తేడాను వివరించగలుగుతారు.
• 1963 నుంచి నేటి వరకు ఆకారాలను భౌతిక నియమాలతో కదిలించే పద్ధతులు ఎలా మారాయో కాలక్రమంలో చెప్పగలుగుతారు.
• స్థిరత్వం, నియంత్రణ అనే రెండు సమస్యలు ఈ చరిత్రను ఎలా నడిపాయో విశ్లేషించగలుగుతారు.
• తెలుగు అక్షరాలను సిమ్యులేషన్‌కు వాడేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.
• తెలుసుకోవడానికి చేసిన సిమ్యులేషన్‌ను, నమ్మించడానికి చేసిన సిమ్యులేషన్ నుంచి వేరుచేసి చూడగలుగుతారు.

9.1 పరిచయం

టెలివిజన్ వార్తలకు ముందు వచ్చే శీర్షిక, సినిమా మొదట్లో పేర్లు పడే భాగం, ఫోన్ తెర మీద కదిలే గుర్తులు మీరు రోజూ చూస్తూనే ఉంటారు. వీటిలో వృత్తాలు, చతురస్రాలు, అక్షరాలు పైనుంచి పడతాయి, దొర్లుతాయి, ఒకదానినొకటి ఢీకొని ఆగుతాయి. ఇలా ఆకారాలనూ అక్షరాలనూ కదిలించి విషయం చెప్పే కళను మోషన్ గ్రాఫిక్స్ అంటారు.

ఈ కదలికను తయారు చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది కీఫ్రేమ్ పద్ధతి. ఆకారం ఏ క్షణంలో ఎక్కడ ఉండాలో కళాకారుడు నిర్ణయిస్తాడు, మధ్య స్థానాలను కంప్యూటరు నింపుతుంది. రెండవది సిమ్యులేషన్ పద్ధతి. ఇందులో కళాకారుడు స్థానాలను చెప్పడు. ఆకారానికి ద్రవ్యరాశి, ఘర్షణ, తొలి వేగం ఇచ్చి వదిలేస్తాడు. ఆ తరవాతి స్థానాలన్నీ గతి సూత్రాల ప్రకారం లెక్కకు వస్తాయి. గోళీలాట ఆడినవారికి ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. గురి చూసి వదిలేవరకే గోళీ మన చేతిలో ఉంటుంది. వదిలిన తరవాత దాని దారి దానిదే.

ఈ చరిత్రను సాధారణంగా కంప్యూటర్ల వేగం పెరిగిన కథగా చెబుతారు. వేగం పెరగడం నిజమే గాని, అది కథలో ఒక భాగం మాత్రమే. భౌతిక శాస్త్రజ్ఞుడు సమీకరణాన్ని "ఏం జరుగుతుంది?" అని అడుగుతాడు. డిజైనరు అదే సమీకరణాన్ని "నేను అనుకున్నది సహజంగా జరిగినట్టు ఎలా కనిపించాలి?" అని అడుగుతాడు. మొదటి ప్రశ్న కోసం పుట్టిన సాధనం క్రమంగా రెండవ ప్రశ్నకు ఎలా మళ్లిందో, ఆ మళ్లింపులో ఏది వచ్చిందో, ఏది పోయిందో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

9.2 కంప్యూటరుకు ముందు

చేతితో బొమ్మలు గీసే యానిమేషన్‌లో భౌతిక నియమాలు కళాకారుని కంటిలో, చేతిలో ఉండేవి. విద్యార్థికి ఇచ్చే తొలి అభ్యాసాలలో ఒకటి, నేలకు తగిలి ఎగిరే బంతి. ఒక సెకనుకు 24 ఫ్రేములు అనుకుందాం. గాలి నిరోధాన్ని వదిలేస్తే, విశ్రాంతి నుంచి పడే వస్తువు మొదటి 6 ఫ్రేములలో సుమారు 31 సెంటీమీటర్లు, 12 ఫ్రేములలో 1.2 మీటర్లు, 18 ఫ్రేములలో 2.8 మీటర్లు, 24 ఫ్రేములలో 4.9 మీటర్లు పడుతుంది. అంటే పైన బొమ్మలు దగ్గరదగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ దూరదూరంగా ఉండాలి. యానిమేటర్లు ఈ లెక్క వేయకపోయినా, ఆ ఎడం ఎలా పెరగాలో అనుభవంతో తెలుసుకున్నారు.

అయితే వారు ప్రకృతిని ఉన్నదున్నట్టు దించలేదు. డిస్నీ స్టూడియోలో బంతిని నేలకు తగిలేటప్పుడు అణచి, ఎగిరేటప్పుడు సాగదీసి గీసేవారు. నిజమైన బంతి అంతగా సాగదు. కాని అలా గీస్తేనే దాని మెత్తదనం ప్రేక్షకునికి అందుతుంది. ఆ స్టూడియోలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో ప్రచురించిన ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’ గ్రంథంలో ఇటువంటి 12 సూత్రాలను వివరించారు. నియమం తెలిసి, అవసరమైన చోట దానిని దాటడం చేతి యానిమేషన్ సంప్రదాయం. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి, తరవాతి విభాగాలలో మళ్లీ ఎదురవుతుంది.

అమూర్త ఆకారాల విషయంలో మరొక దారి తెరిచినవాడు జాన్ విట్నీ. 1958లో వచ్చిన హిచ్‌కాక్ చిత్రం ‘వెర్టిగో’ శీర్షికల కోసం సాల్ బాస్‌తో కలిసి ఆయన సర్పిలాకార రూపాలను తయారు చేశాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమాన విధ్వంసక ఫిరంగులకు గురి చూపడానికి వాడిన యాంత్రిక గణన పరికరాలను ఆయన బొమ్మలు గీసే యంత్రంగా మార్చాడు. 1960లో ‘మోషన్ గ్రాఫిక్స్ ఇన్‌కార్పొరేటెడ్’ అనే సంస్థను స్థాపించాడు. ఈ కళకు నేడు మనం వాడే పేరు అప్పటికే ఒక సంస్థ పేరులో కనిపిస్తుంది. విట్నీ యంత్రంలో కదలికను గీసింది చేయి కాదు, పళ్లచక్రాల లెక్క. అయితే ఆ లెక్క నమూనాలను పుట్టించడానికి ఉద్దేశించినది. బరువు, అభిఘాతం అందులో లేవు.

9.3 1963: తెలుసుకోవడానికి తీసిన చిత్రం

కంప్యూటరుతో తయారైన తొలి చలనచిత్రాలలో ఒకటి కళాకారుడు తీసింది కాదు. అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ జాజక్ 1963లో దానిని తయారు చేశాడు. భూమి చుట్టూ తిరిగే ఉపగ్రహం ఎప్పుడూ ఒకే ముఖాన్ని భూమివైపు ఉంచాలంటే దానిని ఎలా నిలపాలన్నది ఆయన సమస్య. భూమి గురుత్వాకర్షణ ఉపగ్రహంలో భూమికి దగ్గరగా ఉన్న భాగంపై కొంచెం ఎక్కువగా, దూరంగా ఉన్న భాగంపై కొంచెం తక్కువగా ఉంటుంది. ఈ చిన్న తేడాను, రెండు గైరోస్కోపులను ఉపయోగించి ఉపగ్రహాన్ని నిలకడ చేయవచ్చునా అని ఆయన లెక్కించాడు.

లెక్క ఫలితం సంఖ్యల పట్టిక. ఆ పట్టికను చూసి ఉపగ్రహం ఎలా దొర్లుతుందో ఊహించడం కష్టం. అందువల్ల జాజక్ ఉపగ్రహాన్ని గీతలతో గీసిన ఒక పెట్టెగా, భూమిని ఒక గోళంగా చూపి, లెక్కించిన ప్రతి స్థితినీ సూక్ష్మచిత్ర యంత్రం ద్వారా ఫిల్ముపైకి ఎక్కించాడు. తెర మీద పెట్టె భూమి చుట్టూ తిరుగుతూ దొర్లుతుంది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, పెట్టె ఎలా కదలాలో జాజక్ ముందుగా నిర్ణయించలేదు. అది తెలుసుకోవడానికే చిత్రం తీశాడు. అదే సంస్థలో ఫ్రాంక్ సిండెన్ 1960లలో ‘ఫోర్స్, మాస్ అండ్ మోషన్’ అనే బోధన చిత్రం తీశాడు. ఆకర్షణ బలం దూరంతో మారే సూత్రాన్ని మార్చితే రెండు వస్తువుల కక్ష్యలు ఎలా మారతాయో ఆ చిత్రం చూపుతుంది. అంటే ప్రకృతిలో లేని నియమాన్ని కూడా తెర మీద నడిపించి చూడవచ్చునని అప్పటికే తేలింది. డిజైనర్లు తరవాతి కాలంలో వాడుకున్న స్వేచ్ఛకు బీజం ఇందులో ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. కీఫ్రేమ్ పద్ధతిలో మధ్య స్థానాలను ఎవరు నింపుతారు? సిమ్యులేషన్‌లో స్థానాలు ఎలా వస్తాయి?
2. జాజక్ తన చిత్రాన్ని ఏ ప్రయోజనం కోసం తయారు చేశాడు?

9.4 కణ వ్యవస్థలు

సిమ్యులేషన్ వినోద రంగంలో విస్తృతంగా గుర్తింపు పొందింది 1982లో. ‘స్టార్ ట్రెక్’ వరుసలోని రెండవ చిత్రంలో, ఒక మృత గ్రహం మీద మంటల గోడ వ్యాపించి జీవం పుట్టే దృశ్యాన్ని లూకాస్‌ఫిల్మ్ కంప్యూటర్ విభాగం తయారు చేసింది. మంటకు అంచులు ఉండవు. త్రిభుజాలతో, వక్రతలాలతో దానిని నిర్మించడం కుదరదు. విలియం రీవ్స్ మంటను వేలాది చిన్న కణాల సముదాయంగా భావించాడు. ప్రతి కణానికీ పుట్టే చోటు, తొలి వేగం, రంగు, ఆయుష్షు ఉంటాయి. గురుత్వం దానిని కిందికి లాగుతుంది. ఆయుష్షు తీరగానే అది మాయమవుతుంది. 1983లో ఆయన ఈ పద్ధతిని ఒక పరిశోధన వ్యాసంగా ప్రచురించాడు.

ఇందులో భౌతిక శాస్త్రం కొంతే ఉంది. కణాలు ఒకదానినొకటి తాకవు. మంటలో జరిగే రసాయన చర్యల లెక్క లేదు. తొలి వేగాలను యాదృచ్ఛిక సంఖ్యలతో ఇచ్చారు. అయినా తెర మీద మంట కనిపించింది. వేలాది కణాలకు కీఫ్రేములు పెట్టడం ఏ మనిషికీ సాధ్యం కాదు. కాని సగటు వేగం, వ్యాప్తి, ఆయుష్షు వంటి కొన్ని సంఖ్యలను సవరించడం సాధ్యం. కళాకారుని పని ఇక్కడ మారింది. ఒక్కొక్క కదలికను గీయడానికి బదులు, కదలికలు పుట్టే షరతులను అతడు నిర్ణయించసాగాడు.

9.5 1987–88: రెండు ధోరణులు

1980ల చివరినాటికి ఈ రంగంలో రెండు ధోరణులు ఎదురెదురుగా నిలిచాయి. పిక్సార్‌కు చెందిన జాన్ లాసెటర్ 1987లో సిగ్గ్రాఫ్ సమావేశానికి ఒక వ్యాసం సమర్పించాడు. చేతి యానిమేషన్ సూత్రాలను త్రిమితీయ కంప్యూటర్ యానిమేషన్‌కు ఎలా అన్వయించాలో అందులో చెప్పాడు. అంతకు ముందు సంవత్సరం వచ్చిన ‘లక్సో జూనియర్’లో బల్లదీపానికి ప్రాణం పోసింది ఈ పద్ధతే. కదలికలో ఆలోచన కనిపించాలనీ, ఆ ఆలోచనను యానిమేటరే ఇవ్వాలనీ ఆయన అభిప్రాయం.

అదే సమావేశంలో డెమెట్రి టెర్జోపౌలోస్, ఆయన సహచరులు స్థితిస్థాపక వస్తువుల నమూనాలను ప్రవేశపెట్టారు. జెండా, తివాచీ వంటి వంగే వస్తువులను బలాల లెక్కతో కదిలించవచ్చునని చూపారు. 1988లో జేమ్స్ హాన్ దృఢ వస్తువుల అభిఘాతాలను లెక్కించే పద్ధతిని వివరించాడు. ఈ ధోరణిలో కదలికను ఇచ్చేది ప్రకృతి నియమం. యానిమేటరు ఆదిస్థితిని ఇచ్చి పక్కకు తప్పుకుంటాడు.

రెండింటినీ కలిపే ప్రయత్నం 1988లోనే జరిగింది. ఆండ్రూ విట్కిన్, మైఖేల్ కాస్ అదే బల్లదీపాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. దీపం ఇక్కడ మొదలై, అక్కడికి దూకి ఆగాలి. గతి సూత్రాలను మీరకూడదు. శక్తిని వృథా చేయకూడదు. ఈ షరతులు ఇచ్చి, మొత్తం దూకుడును ఒకేసారి కంప్యూటరుతో సాధింపజేశారు. ఫలితంలో దీపం దూకే ముందు కిందికి ముడుచుకుంది, గాలిలో సాగింది, దిగాక మళ్లీ అణగింది. డిస్నీ యానిమేటర్లు కంటితో పట్టుకున్న లక్షణాలు లెక్కలో తమంతట తాము వచ్చాయి. చేతి సంప్రదాయం, భౌతిక నియమం శత్రువులు కావని ఈ ప్రయోగం చూపింది. అంతకంటె ముఖ్యంగా, ప్రశ్న మారిపోయింది. జాజక్‌కు ముగింపు తెలియదు. విట్కిన్, కాస్‌లకు ముగింపు ముందే తెలుసు, దానికి దారి కావాలి.

9.6 అదుపు తప్పే స్ప్రింగు: స్థిరత్వ సమస్య

సిమ్యులేషన్ రోజువారీ సాధనంగా మారడానికి అడ్డుపడిన పెద్ద సమస్య స్థిరత్వం. కంప్యూటరు కాలాన్ని చిన్న చిన్న అంగలుగా విభజించి లెక్కిస్తుంది. ప్రతి అంగలోనూ ప్రస్తుత వేగంతో స్థానాన్ని, ప్రస్తుత బలంతో వేగాన్ని ముందుకు జరుపుతుంది. ఆయిలర్ పేరుతో పిలిచే ఈ పద్ధతి సులభమైనది. కాని దానిలో ఒక లోపం ఉంది. స్ప్రింగుకు కట్టిన వస్తువును తీసుకోండి. అది సెకనుకు సుమారు రెండుసార్లు ఊగుతుందనుకుందాం. సెకనుకు 24 అంగలతో లెక్కిస్తే, ప్రతి అంగలోనూ ఊపు సుమారు 12 శాతం పెరుగుతుంది. ఒక్క సెకను గడిచేసరికి అది 14 రెట్లు దాటుతుంది. ప్రకృతిలో తగ్గవలసిన ఊపు లెక్కలో పెరిగి, ఆకారం తెర దాటి ఎగిరిపోతుంది.

దీనికి తేలికైన పరిష్కారం అంగలను బాగా చిన్నవి చేయడం. కాని అప్పుడు లెక్కకు పట్టే సమయం పెరుగుతుంది. వస్త్రం వంటి వాటిలో గట్టి స్ప్రింగులు వేలల్లో ఉంటాయి కనుక ఆ భారం భరించలేనిది. 1998లో డేవిడ్ బరాఫ్, ఆండ్రూ విట్కిన్ వస్త్ర సిమ్యులేషన్‌లో పెద్ద అంగలు వేసే పద్ధతిని ప్రతిపాదించారు. ఇందులో అంగ మొదట్లో ఉన్న బలాన్ని కాక, అంగ చివర ఉండబోయే బలాన్ని సమీకరణాలతో సాధిస్తారు. 1999లో జోస్ స్టామ్ ద్రవాలకు, పొగకు ఎంత పెద్ద అంగ వేసినా అదుపు తప్పని పద్ధతిని చూపాడు. ఈ రెండింటికీ ఒక మూల్యం ఉంది. అవి కదలికలోని శక్తిని కొంత మింగేస్తాయి. వస్త్రం అసలుకంటె కొంచెం మందంగా ఊగుతుంది, పొగలోని చిన్న సుడులు తొందరగా చెరిగిపోతాయి. అయినా యానిమేషన్ రంగం ఆ మూల్యాన్ని చెల్లించడానికి ఒప్పుకుంది. సున్నితమైన తప్పును ప్రేక్షకుడు గమనించకపోవచ్చు. కాని ఆకారం పగిలి ఎగిరిపోతే ప్రతివారూ గమనిస్తారు.

మూడవ మార్గం అణువుల అధ్యయనం నుంచి వచ్చింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూప్ వెర్లే 1967లో 864 కణాల ద్రవ నమూనాను లెక్కించడానికి ఒక సూత్రం వాడాడు. అందులో వేగాన్ని విడిగా దాచుకోరు. ప్రస్తుత స్థానం, దాని వెనకటి స్థానం ఈ రెండింటి తేడాయే వేగం పని చేస్తుంది. 2001లో థామస్ యాకబ్‌సెన్ ఈ సూత్రాన్ని ‘హిట్‌మాన్’ కంప్యూటర్ ఆటలో ఎలా వాడారో వివరించాడు. రెండు బిందువుల మధ్య దూరం మారకూడదనుకుంటే, లెక్క తరవాత వాటిని నేరుగా జరిపి ఆ దూరానికి తెస్తారు. బిందువును జరిపితే వేగం కూడా దానంతటదే సర్దుకుంటుంది. 2006లో మత్తియాస్ ముల్లర్, ఆయన సహచరులు ఈ ఆలోచనను సాధారణ పద్ధతిగా రూపొందించారు. దీనిని స్థానాధారిత గతిశాస్త్రం అనవచ్చు. ఇక్కడ బలాల లెక్క వెనక్కి వెళ్లింది. "ఈ ఆకారం చివరికి ఎలా ఉండాలి" అన్న షరతు ముందుకు వచ్చింది.

9.7 ఖచ్చితత్వం నుంచి నమ్మదగినతనానికి

రోనెన్ బార్జెల్, జాన్ హ్యూస్, డేనియల్ వుడ్ 1996లో ఒక ముఖ్యమైన అంశాన్ని ముందుకు తెచ్చారు. యానిమేషన్‌కు కావలసింది ఒకే ఒక్క సరైన కదలిక కాదని, నమ్మదగిన కదలిక అని వారి వాదన. నేల మీద పడిన గోళీ ఏ వైపు దొర్లుతుందో చూపరికి ముందుగా తెలియదు. నేలలో కనిపించని చిన్న ఎగుడుదిగుళ్లు ఉంటాయి. అందువల్ల గోళీ ఎడమకు వెళ్లినా, కుడికి వెళ్లినా చూపరి ఒప్పుకుంటాడు. ఈ వెసులుబాటును వాడుకొని, సాధ్యమైన అనేక కదలికలలో కథకు కావలసినదానిని ఎంచుకోవచ్చు. 2000లో యోవాన్ పోపోవిచ్, ఆయన సహచరులు కదలిక మధ్యలో వస్తువును పట్టుకొని లాగితే, దానికి తగినట్టు మొత్తం దారిని కంప్యూటరు సవరించే పద్ధతిని చూపారు.

మోషన్ గ్రాఫిక్స్‌కు ఇది కీలకమైన మలుపు. సంస్థ చిహ్నంలోని ముక్కలు ఎక్కడో పడితే చాలదు, చిహ్నంగా కూడి ఆగాలి. దీనికి డిజైనర్లు ఒక ఉపాయం వాడతారు. కూడిన చిహ్నాన్ని పగలగొట్టి, ఆ సిమ్యులేషన్‌ను వెనక్కి నడిపిస్తారు. కాని ఇందులో ఒక చిక్కుంది. ఘర్షణ వల్ల ముక్కలు క్రమంగా ఆగుతాయి. వెనక్కి నడిపితే ఆగి ఉన్న ముక్కలు ఏ కారణమూ లేకుండా కదిలి వేగం పుంజుకుంటాయి. ఏదో తేడాగా ఉందని చూపరి కన్ను పసిగడుతుంది. అయస్కాంతం లాగినట్టు దృశ్యంలో ఒక కారణాన్ని చూపితే ఆ లోపం కప్పబడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. ఆయిలర్ పద్ధతిలో స్ప్రింగు ఊపు ఎందుకు సమస్య అవుతుంది?
4. వెర్లే సూత్రంలో వేగం స్థానంలో పనిచేసేది ఏది?

9.8 డిజైనరు బల్ల మీదికి

పరిశోధనశాలల్లో పుట్టిన ఈ పద్ధతులు సామాన్య డిజైనరుకు చేరడానికి చాలా కాలం పట్టింది. నేడు మోషన్ గ్రాఫిక్స్‌కు విరివిగా వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 1993లో అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో ఒక చిన్న సంస్థ నుంచి వెలువడింది. తరవాత ఆల్డస్ చేతికి, 1994లో అడోబీ చేతికి వచ్చింది. దాని పునాది పొరలు, కీఫ్రేములు. జర్మనీకి చెందిన మాక్సన్ సంస్థ సినిమా ఫోర్‌డీలో 2006లో మోగ్రాఫ్ అనే భాగాన్ని చేర్చింది. ఒక ఆకారాన్ని వందల నకళ్లుగా పరచి కదిలించడం దీనితో తేలికైంది. 2009లో ఆ నకళ్లకు బరువు, అభిఘాతం చేరాయి. వందల గోళాలు ఒక పాత్రలో పడి సర్దుకొనే దృశ్యం ఒక్క మనిషి చేయగల పని అయింది.

ఈ దశలో ఆటల రంగం పెద్ద సాయం చేసింది. ఎరిన్ కాటో 2006లో ఆటల రూపకర్తల సమావేశంలో ప్రదర్శించిన ద్విమితీయ దృఢ వస్తు కార్యక్రమం నుంచి బాక్స్‌టూడీ రూపొందింది. దానిని అందరికీ ఉచితంగా, మూలసంకేతంతో సహా విడుదల చేశారు. 2009లో వచ్చిన ‘యాంగ్రీ బర్డ్స్’ ఆటలో పక్షులు కట్టడాలను కూల్చింది దీని లెక్కతోనే. త్రిమితిలో ఎర్విన్ కూమన్స్ రూపొందించిన బుల్లెట్ ఇలాంటిదే. ఉచితంగా లభించే బ్లెండర్‌లో 2013లో వచ్చిన 2.66 కూర్పు బుల్లెట్ ఆధారంగా దృఢ వస్తు సిమ్యులేషన్‌ను యానిమేషన్ పనులకు అందించింది. ఖరీదైన సాఫ్ట్‌వేరు కొనలేని విద్యార్థికి ఇది ముఖ్యమైన మార్పు. ఈ యూనిట్‌లోని ప్రయోగాలను మీరు కూడా బ్లెండర్‌లో చేసి చూడవచ్చు.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు తోడుగా వచ్చిన న్యూటన్ అనే ప్లగిన్ పొరలను దృఢ వస్తువులుగా మార్చి ఢీకొట్టిస్తుంది. లెక్క పూర్తయ్యాక ఫలితాన్ని మళ్లీ కీఫ్రేములుగా అప్పగిస్తుంది. డిజైనరు ఆ కీఫ్రేములను చేతితో సవరించుకోవచ్చు. అంటే సిమ్యులేషన్ చివరి మాట కాదు, చిత్తుప్రతి. అదే 2013లో ఆపిల్ తన ఐఓఎస్ 7లో గురుత్వం, అభిఘాతం, స్ప్రింగు వంటి ప్రవర్తనలను తెర మీది బొత్తాలకు, పలకలకు ఇచ్చే సౌకర్యాన్ని యాప్ రూపకర్తలకు కల్పించింది. శాస్త్రజ్ఞుని ఉపగ్రహంతో మొదలైన లెక్క యాభై ఏళ్లలో వేలి కింది ఫోన్ తెరకు చేరింది.

ఈ సాధనాలను వాడే విద్యార్థి మొదట నేర్చుకోవలసింది పరిమాణం. తెర ఎత్తును 1 మీటరు అనుకుంటే పైనుంచి పడే ఆకారం సుమారు 11 ఫ్రేములలో కిందికి చేరుతుంది. అదే ఎత్తును 10 మీటర్లు అనుకుంటే సుమారు 34 ఫ్రేములు పడుతుంది. బొమ్మ ఒకటే. మొదటిది పెంకుముక్కలా, రెండవది బండరాయిలా కనిపిస్తుంది. ద్రవ్యరాశిని పెంచినంత మాత్రాన వస్తువు వేగంగా పడదని మీరు పాఠశాలలోనే చదివారు. బరువుగా కనిపించాలంటే మార్చవలసింది పరిమాణాన్ని, కాలాన్ని. దానితోపాటు, అభిఘాతం తరవాత ఎంత వేగం మిగలాలో చెప్పే ప్రత్యావస్థాన గుణకాన్ని కూడా సరిచూడాలి.

9.9 తెలుగు అక్షరం కింద పడితే

అక్షరాలను పడవేయడం మోషన్ గ్రాఫిక్స్‌లో అందరికీ తెలిసిన ప్రయోగం. దృఢ వస్తు సాధనాలు సాధారణంగా కుంభాకార ఆకారాలను తేలికగా లెక్కిస్తాయి. లోపలికి వంగిన భాగాలున్న పుటాకార ఆకారాన్ని ముందుగా కుంభాకార ముక్కలుగా విడగొట్టాలి. లేదా దాని చుట్టూ ఒక బిగుతైన కుంభాకార తొడుగు వేసి, ఆ తొడుగునే ఢీకొట్టించాలి. తొడుగు వేస్తే లెక్క వేగంగా సాగుతుంది గాని, అక్షరాల గుంటలు పూడిపోతాయి. ఒక అక్షరం మరొకదాని ఒంపులో ఒదగదు. మధ్య ఖాళీ ఉండగానే అవి తాకినట్టు ఆగిపోతాయి. మన అక్షరాలు గుండ్రని ఒంపులతో నిండినవి కనుక ఈ లోపం ఇక్కడ మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకొక సమస్య అర్థానికి సంబంధించినది. రోమన్ లిపిలో చాలా అక్షరాలు ఒకే ముక్క. తెలుగులో ప, స, హ వంటి వాటిపై తలకట్టు విడిగా ఉంటుంది. ఒత్తు కింద వేరుగా ఉంటుంది. సాఫ్ట్‌వేరు ప్రతి విడి ముక్కనూ ఒక వస్తువుగా తీసుకుంటే, ‘పద్మ’ అన్న మాటలో మ ఒత్తు జారిపోయి ‘పద’ మిగులుతుంది. సున్న గుండ్రంగా ఉంటుంది కనుక మొదట దొర్లిపోయేది అదే. అప్పుడు ‘పండు’ కాస్తా ‘పడు’ అవుతుంది. భౌతిక నియమం ప్రకారం అందులో తప్పేమీ లేదు. భాష ప్రకారం మాట పోయింది.

అందువల్ల తెలుగు మాటలను కదిలించేటప్పుడు ఒక్కొక్క అక్షరానికి చెందిన తలకట్టు, గుణింతపు గుర్తు, ఒత్తు, సున్న అన్నింటినీ కలిపి ఒకే దృఢ వస్తువుగా కట్టాలి. ఏ ముక్కలు విడిపోవచ్చునో, ఏవి విడిపోకూడదో యంత్రానికి తెలియదు. అది లిపి తెలిసినవారు చెప్పవలసిన షరతు. రోమన్ లిపిని ఉదాహరణగా తీసుకొని చెప్పిన పాఠాలను యథాతథంగా అనుసరిస్తే ఈ షరతు తప్పిపోతుంది. ఈ విషయంలో తెలుగు విద్యార్థి ఇతరుల పద్ధతిని అరువు తెచ్చుకుంటే సరిపోదు, తన లిపికి తగినట్టు మలచుకోవాలి.

9.10 చూపడం, నిరూపించడం

ఇంతవరకు చూసిన చరిత్రలో ఒక లాభం, ఒక ప్రమాదం కలిసి ఉన్నాయి. బరువున్నట్టు కదిలే ఆకారాన్ని మన కన్ను వెంటనే నమ్ముతుంది. చిహ్నాలు, శీర్షికల విషయంలో ఆ నమ్మకం వల్ల ఎవరికీ నష్టం లేదు. కాని అదే సాధనాలతో ఒక వంతెన ఎలా కూలిందో, రెండు వాహనాలు ఎలా ఢీకొన్నాయో వార్తల్లో చూపితే పరిస్థితి వేరు. పడే తీరు, దొర్లే తీరు సహజంగా ఉండడంతో, అది ఊహాచిత్రమన్న విషయం చూపరి మరచిపోతాడు. ఎవరి వాహనం ముందు దారి తప్పిందన్న నిర్ణయం ఆ నాలుగు సెకన్ల బొమ్మతో అతని మనసులో స్థిరపడిపోవచ్చు.

ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒక ప్రశ్న సరిపోతుంది. ముందుగా నిర్ణయమైనది ఆదిస్థితులా, ఫలితమా? జాజక్ చిత్రంలో ఆదిస్థితులు ముందు నిర్ణయమయ్యాయి, ఫలితం లెక్క నుంచి వచ్చింది. అందువల్ల దాని నుంచి కొత్త విషయం తెలుసుకోవచ్చు. డిజైనరు పనిలో ఫలితం ముందు నిర్ణయమై, దానికి తగినట్టు వేగాన్నీ ఘర్షణనూ సవరిస్తారు. అది విషయాన్ని చూపగలదు గాని నిరూపించలేదు. పైగా స్థిరత్వం కోసం చేసిన సర్దుబాట్లు, తెర పరిమాణం గురించి చేసిన ఎంపిక రెండూ అందులో కలిసిపోయి ఉంటాయి. జరిగిన సంఘటనను చూపే పని మీకు అప్పగించినప్పుడు, ఏ కొలతలు తెలిసినవో, ఏవి మీరు అనుకున్నవో దృశ్యంతోపాటే ప్రేక్షకునికి తెలియజేయడం మీ బాధ్యత. ‘ఊహాచిత్రం’ అన్న ఒక్క మాట తెర మీద ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

9.11 సారాంశం

కంప్యూటరు యానిమేషన్ తొలి అడుగులలోనే భౌతిక సిమ్యులేషన్ ఉంది. 1963లో జాజక్ ఉపగ్రహ చిత్రం తెలుసుకోవడానికి తీసినది. 1982–83లో రీవ్స్ కణ వ్యవస్థలు కళాకారుని పనిని షరతుల నిర్ణయంగా మార్చాయి. 1988లో విట్కిన్, కాస్ ముగింపును ముందే నిర్ణయించి, దారిని లెక్కించారు. 1998 నుంచి 2006 వరకు వచ్చిన పద్ధతులు ఖచ్చితత్వంలో కొంత వదులుకొని స్థిరత్వాన్ని, నియంత్రణను సాధించాయి. ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ శక్తిని సామాన్య విద్యార్థికి అందించాయి. లెక్కను యంత్రం చేస్తుంది. ఏ ముక్క విడిపోకూడదు, ఏ ఫలితాన్ని నిజమని చెప్పకూడదు అన్న నిర్ణయాలు మాత్రం ఇప్పటికీ మనిషివే.

9.12 కీలక పదాలు

కీఫ్రేమ్: ఆకారపు స్థితిని కళాకారుడు స్వయంగా నిర్ణయించిన ఫ్రేమ్.
దృఢ వస్తువు: బలం పడినా ఆకారం మారదని భావించే వస్తువు.
కాలపు అంగ: సిమ్యులేషన్‌లో ఒక లెక్కకూ మరొక లెక్కకూ మధ్య ఉండే కాలవ్యవధి.
ప్రత్యావస్థాన గుణకం: అభిఘాతం తరవాత విడిపోయే వేగానికీ, ముందు దగ్గరయ్యే వేగానికీ గల నిష్పత్తి.
కుంభాకార తొడుగు: ఒక ఆకారాన్ని పూర్తిగా కప్పే, లోపలికి వంగని అతి చిన్న ఆకారం.

9.13 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

1. కంప్యూటరు నింపుతుంది. సిమ్యులేషన్‌లో ఆదిస్థితి నుంచి గతి సూత్రాల ద్వారా స్థానాలు వస్తాయి.
2. ఉపగ్రహం ఒకే ముఖాన్ని భూమివైపు ఉంచి నిలకడగా ఉంటుందా అని తెలుసుకోవడానికి.
3. ప్రతి అంగలోనూ ఊపు పెరిగి, ఆకారం అదుపు తప్పుతుంది.
4. ప్రస్తుత స్థానానికీ, వెనకటి స్థానానికీ గల తేడా.

9.14 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. భౌతిక సిమ్యులేషన్ ‘తెలుసుకొనే సాధనం’ నుంచి ‘నమ్మించే సాధనం’గా మారిన క్రమాన్ని వివరించండి.
2. స్థిరత్వ సమస్యను పరిష్కరించడానికి వచ్చిన మూడు మార్గాలను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కణ వ్యవస్థలు కళాకారుని పనిని ఎలా మార్చాయి?
2. తెలుగు అక్షరాలను దృఢ వస్తువులుగా మార్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి?
3. మీరు ఇటీవల టెలివిజన్‌లో చూసిన ఒక ఊహాచిత్రాన్ని ఎంచుకొని, అందులో ముందుగా నిర్ణయమైనది ఆదిస్థితులా, ఫలితమా అని చర్చించండి.